తన మోచెయ్యి తన నోటికి అందదు

"డాక్టరు గారూ, ఒక్క ముక్క రాసివ్వండి చాలు. ఆ అబ్బాయికి ఏ దెబ్బా తగల్లేదని మీ సంతకంతో ఉంటే మిగతాది నేను చూసుకుంటాను."

సంక్రాంతి సెలవులు అయిపోయిన మర్నాడు ఓ.పి.లో నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అన్న మాటలివి. ఆయనకు మా ఊరి బజారులో బట్టల కొట్టుంది. ఆయన పక్కన తలవంచుకుని నిలబడ్డవాడు రెండో కొడుకు. పదహారేళ్ళు. తాటిచెట్టులా ఎదిగాడు. రాత్రి అన్నం తినలేదని వాడి ముఖమే చెబుతోంది.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో దెబ్బ తగిలిందని సర్టిఫికెట్టు రాయించుకున్నవాళ్ళు నా దగ్గరకు వేలమంది వచ్చారు. తగలని దెబ్బ తగిలినట్టు రాయమన్నవాళ్ళూ లేకపోలేదు. ఎదుటివాడికి దెబ్బ తగల్లేదని రాసిమ్మన్నవాళ్ళలో మాత్రం ఈయనే మొదటివాడు!

సంగతేమిటంటే, ముందురోజు సాయంత్రం మునిసిపల్ మైదానంలో కుర్రాళ్ళ బాస్కెట్ బాల్ పోటీల ఫైనల్ జరిగింది. మందులపెట్టె, ఐసు డబ్బా పెట్టుకుని స్కోరు రాసేవాళ్ళ బల్ల పక్కన నేనే కూర్చున్నాను. ఆట ఇంకా 40 సెకన్లు ఉంది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. బంతి రింగుకు తగిలి వెనక్కి వచ్చింది. మనవాడు ఎగిరి రెండు చేతులతో దాన్ని అందుకుని కిందికి దిగాడు. దిగీదిగగానే ఎదుటి జట్టు కుర్రాళ్ళు ఇద్దరు మీదికి వచ్చారు. వీడు బంతిని గడ్డం కింద పట్టుకుని, మోచేతులు రెండూ బయటికి పెట్టి, కుడికీ ఎడమకీ విసురుగా ఊపాడు. వాళ్ళిద్దరూ ఉలిక్కిపడి తలలు వెనక్కి తీసుకున్నారు. ఎవరికీ ఏమీ తగల్లేదు. అయినా విజిల్ మోగింది. రిఫరీ ఒక అరచేతి మీద రెండో చేతివేళ్ళు నిలబెట్టి చూపించాడు. అంటే టెక్నికల్ ఫౌలు. ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో దొరికింది. అది పడింది. తరవాత బంతి మళ్ళీ మనవాళ్ళకే ఇచ్చారు గాని, బుట్టలో వెయ్యలేకపోయారు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

"తాకనైనా తాకలేదు కదండీ! తాకకుండా తప్పెలా అవుతుంది?" అన్నది తండ్రిగారి ప్రశ్న. వినడానికి సబబుగానే ఉంది. మీలోనూ చాలామందికి ఇలాగే అనిపించవచ్చు. అందుకే ఆ రోజు ఆయనకు చెప్పిన నాలుగు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. ఆటలాడే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పనికివస్తాయి.

ముందు మోచెయ్యి గురించి తెలుసుకుందాం. మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టు అంటారు. ఎవరి మోచెయ్యి వారి నోటికి అందదు. కాని ఎదుటివాడి నోటికి మాత్రం సులువుగా అందుతుంది. చెయ్యి మడిచి వేలితో తడిమి చూసుకోండి. మోచేతి కొన దగ్గర చర్మం, దాని కిందనే ఎముక. మధ్యలో కండ లేదు, కొవ్వు లేదు. ముంజేతిలో ఉండే అల్నా అనే ఎముక పైకొన అది. పిడికిలితో గుద్దితే గుద్దినవాడి వేళ్ళ ఎముకలే విరగవచ్చు. పిడికిట్లో ఉన్నవన్నీ చిన్న చిన్న ఎముకలు. మోచేతితో పొడిచినవాడికి సాధారణంగా ఏమీ కాదు. వెనక భుజం బలం, నడుము బలం ఉంటాయి. ముందు అంగుళం మేర గట్టి ఎముక ఉంటుంది. ఆ బలమంతా ఆ అంగుళం మీదుగా ఎదుటివాడికి చేరుతుంది.

బాస్కెట్ బాల్‌లో ఇంకో చిక్కు ఉంది. బంతిని అందుకున్నవాడు దాన్ని గడ్డం కిందకు తెచ్చుకుంటాడు. అప్పుడు వాడి మోచేతులు భుజాల ఎత్తులో ఉంటాయి. దాన్ని లాక్కోవడానికి వచ్చినవాడు మోకాళ్ళు వంచి, తల ముందుకు పెట్టి వస్తాడు. ఇతని మోచెయ్యి, అతని ముక్కు, కన్ను, పన్ను అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. పైగా అతని కళ్ళు బంతి మీద ఉంటాయి గాని మోచేతి మీద ఉండవు.

ఇక రిఫరీ సంగతి. ఆ రోజు విజిల్ వేసినాయన ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆట అయ్యాక మైదానం పక్కన టీ తాగుతూ ఆయన్నే అడిగాను, "మాస్టారూ, రెప్పపాటులో జరిగేదాన్ని మీరెలా తూస్తారు?" అని.

ఆయన నవ్వి, "డాక్టరు గారూ, ఆ గ్లాసు కింద పెట్టి మీ బ్యాగు గడ్డం కింద పట్టుకోండి" అన్నారు. పట్టుకున్నాను. "ఇప్పుడు ఒక పాదం కదపకుండా ఒళ్ళంతా కలిపి తిరగండి." తిరిగాను. మోచేతులూ నాతోపాటే తిరిగాయి. "ఇప్పుడు ఒళ్ళు కదపకుండా భుజాల దగ్గర్నుంచి మోచేతులు మాత్రం విసరండి." విసిరాను. పక్కనున్న టీ కొట్టు కుర్రవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూశారా! మొదటిది తిరగలి పిడి. తిరగలి ఎంత తిరిగితే అంతే తిరుగుతుంది. రెండోది వడిసెల. మనిషి నిలబడే ఉంటాడు, రాయి మాత్రం రివ్వుమంటుంది. తిరగలి పిడికి విజిల్ వెయ్యను. వడిసెలకు వేస్తాను" అన్నారాయన.

ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరనుకుంటాను. అమెరికాలో హైస్కూలు ఆటల నిబంధనల్లోనూ ఈ మాటే ఉంది. భుజాలు ఇరుసుగా చేసుకుని మోచేతులు ఊపుతూ, నడుము మీదనో పాదం మీదనో తిరిగే ఒంటికన్నా అవి ఎక్కువ వేగంగా కదిలితే అది మితిమీరినట్టు. ఒంటితోపాటు తిరిగితే తప్పులేదు. అక్కడ ఎవరికీ తగలకపోయినా బంతి ఎదుటి జట్టుకు ఇచ్చేస్తారు. మన దేశంలో ఆడేది ఫిబా అనే అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల ప్రకారం. అందులో మోచేతులు మితిమీరి ఊపడం, తగలకపోయినా సరే, టెక్నికల్ ఫౌలు ఇవ్వదగిన పనుల్లో ఒకటి. ఎదుటివాడిని బెదరగొట్టడానికి గాని, చోటు చేసుకోవడానికి గాని ఊపితే అది ఆట స్ఫూర్తికి విరుద్ధమని ఫిబా వివరణ. ఇవ్వాలా వద్దా అన్నది రిఫరీ విచక్షణకు వదిలారు.

ఆ విచక్షణకు ఆధారం ఏమిటని అడిగితే మాస్టారు వేళ్ళు మడిచి లెక్క చెప్పారు.

ఒకటి, మోచెయ్యి ఒంటితో కదిలిందా, ఒంటిని వదిలి కదిలిందా? రెండు, దాని వేగం ఎంత? మూడు, అది తన చోటులోనే ఉందా, దాటిందా? ప్రతి ఆటగాడి చుట్టూ కంటికి కనిపించని గొట్టం ఒకటి ఉంటుందని నిబంధనలు చెబుతాయి. ముందు అరచేతుల వరకు, వెనక పిరుదుల వరకు, పక్కల చేతుల, కాళ్ళ బయటి అంచుల వరకు ఆ గొట్టం అతనిది. దాన్ని దాటి ఎదుటివాణ్ణి తాకితే బాధ్యత దాటినవాడిది. నాలుగు, ఆ మోచేతికి అందే దూరంలో ఎవరైనా ఉన్నారా? అయిదు, తగిలితే ఎక్కడ తగిలింది, ఎంత గట్టిగా తగిలింది, అది బంతికోసం చేసిన పనేనా?

తగలకపోతే టెక్నికల్. తగిలితే మామూలు ఫౌలు. తగలడం మరీ గట్టిగా, మితిమీరి ఉంటే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌలు. దానికి ఫ్రీ త్రోలూ, ఆపైన బంతీ ఎదుటి జట్టుకే. అవి రెండైతే ఆటలోంచి బయటికి. ఘోరంగా కొడితే ఒక్కదానికే డిస్‌క్వాలిఫై.

"మరి కావాలని చేశాడా లేదా అన్నది?" అని అడిగాను.

"వాడి మనసులో ఏముందో నాకేం తెలుసు సార్? నాకు కనిపించేది మోచెయ్యి. దాన్నే చూస్తాను. ఒకరు బంతిని చూస్తే రెండో రిఫరీ ఒళ్ళు చూస్తాడు. బంతి వెంట కళ్ళు పరుగెత్తితే మోచెయ్యి దొరకదు" అన్నారు.

ఆయన ఇంకోమాట కూడా చెప్పారు. అది న్యాయమైన మాట కనుక రాస్తున్నాను. తప్పు ఎప్పుడూ బంతి ఉన్నవాడిదే కాదు. ఎదుటివాడు మీటరు లోపల నిలబడి గట్టిగా కాస్తుంటే, బంతి ఉన్నవాడికి అయిదు సెకన్ల గడువే ఉంటుంది. ఆలోగా పంపాలి, లేదా వెయ్యాలి, లేదా కొట్టుకుంటూ కదలాలి. ఆ కంగారులోనే మోచేతులు లేస్తాయి. అందుకని కాచేవాడు మీదపడి తోస్తున్నాడా, ఇతని గొట్టంలోకి చొరబడుతున్నాడా అన్నది రిఫరీ ముందు చూడాలి. ఆ విజిల్ సకాలంలో పడితే మోచేతుల అవసరమే రాదు.

ఇదంతా వింటూ ఉంటే నాకు మా వృత్తి గుర్తుకొచ్చింది. కొట్లాట కేసు వస్తే మేము వూండ్ సర్టిఫికెట్టు రాస్తాం. తోలు గీసుకుంటే 'సింపుల్'. ఎముక విరిగినా, పన్ను విరిగినా, ముఖం శాశ్వతంగా చెడిపోయినా 'గ్రీవియస్'. అంటే మేము తూచేది అయిపోయినదాన్ని. రిఫరీ తూచేది కాబోయేదాన్ని. రక్తం కనిపించాక తీర్పు చెప్పడానికి నేను చాలు. కనిపించకముందే చెప్పడానికి ఆయన కావాలి. మశూచి వచ్చాక వైద్యం చెయ్యడానికీ, రాకముందే టీకా వెయ్యడానికీ ఎంత తేడా ఉందో, దీనికీ అంత తేడా ఉంది.

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. బట్టల కొట్టాయనకు కూడా చెప్పాను.

1989లో నేను మెడిసిన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రం పూట హాస్టలు పక్కనున్న సిమెంటు కోర్టులో ఆడేవాళ్ళం. విజిల్ లేదు, రిఫరీ లేడు. ఒకరోజు బంతి నా చేతికి వచ్చింది. వెనకనుంచి ఎవరో చెయ్యి పెట్టారు. నేను విసురుగా ఊపాను. మోచేతికి ఏదో మెత్తగా, ఆ వెంటనే గట్టిగా తగిలింది. తిరిగి చూస్తే నా గదిలోనే ఉండే స్నేహితుడు ముక్కు పట్టుకుని కూర్చున్నాడు. కావాలని చేసింది కాదు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. రక్తం కాసేపటికి ఆగింది. ముక్కు వంకర పోలేదు. "ఏం లేదురా, వాపే" అనుకుని అందరం మెస్సుకు వెళ్ళి భోజనం చేశాం.

మేము అనాటమీ ప్యాసై ఎంతోకాలం కాలేదు. ముక్కులో ఎన్ని భాగాలున్నాయో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలం. కాని చూడవలసింది చూడలేదు. మర్నాటికి వాడికి రెండువైపులా ముక్కు బిగుసుకుపోయింది. జలుబనుకున్నాం. నాలుగోరోజు చలిజ్వరం, విపరీతమైన నొప్పి. అప్పుడు తీసుకెళితే మా ప్రొఫెసరు గారు చూసి, మాకేసి చూసి, ఏమీ అనకుండా చీము తీశారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

జరిగిందేమిటంటే, రెండు ముక్కురంధ్రాల మధ్య అడ్డుగోడ ఉంటుంది. ముందుభాగంలో అది మృదులాస్థి. దానికి స్వంత రక్తనాళాలు లేవు. పైనున్న పొరనుంచే దానికి పోషణ అందుతుంది. దెబ్బకి ఆ పొరకీ దానికీ మధ్య రక్తం చేరితే పోషణ తెగిపోతుంది. మొదటిరోజే చిన్న గాటు పెట్టి ఆ రక్తం తీసేస్తే సరిపోతుంది. ఆలస్యమైతే చీము పట్టి, మృదులాస్థి కరిగిపోయి, కొన్నాళ్ళకు ముక్కుదూలం కుంగిపోతుంది.

నా స్నేహితుడి ముక్కు కుంగిపోయింది. వాడిప్పుడు ఇంకో ఊళ్ళో మత్తు డాక్టరు. కలిసినప్పుడల్లా "కళ్ళజోడు జారిపోకుండా నా ముక్కుకి పల్లం చేసిపెట్టింది నువ్వే కదరా" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. కాని వాడి పెళ్ళి ఫోటో ఎప్పుడు చూసినా నా చూపు ముందు ఆ పల్లం మీదికే పోతుంది.

పెద్ద పెద్ద ఆటల్లోనూ ఇలాంటివి జరిగాయి. అమెరికాలోని ఎన్.బి.ఎ. పోటీల్లో 1991 డిసెంబరులో కార్ల్ మలోన్ మోచెయ్యి తగిలి ఐజయ్యా థామస్‌కు కంటిపైన 40 కుట్లు పడ్డాయి. 2012 ఏప్రిల్లో మెటా వరల్డ్ పీస్ అనే ఆటగాడి మోచెయ్యి తగిలి జేమ్స్ హార్డెన్‌కు కంకషన్ అయింది. కొట్టినవాణ్ణి ఏడు ఆటలకు దూరం పెట్టారు. అక్కడ వీడియో తిప్పి చూసి తీర్పు చెప్పే వీలుంది. మన మునిసిపల్ మైదానంలో మాస్టారి కళ్ళు, ఆయన మెడలోని విజిల్ తప్ప ఇంకేముంది?

మోచేతి దెబ్బ ముఖానికి తగిలితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఇప్పుడు చెబుతాను. కత్తిరించి దాచుకోండి.

ముక్కునుంచి రక్తం వస్తే కూర్చోబెట్టి తల కాస్త ముందుకు వంచండి. వెనక్కి వాల్చకండి, రక్తం గొంతులోకి పోతుంది. ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. రక్తం ఆగాక కూడా ముక్కు రెండువైపులా బిగుసుకుపోతే, లోపల ఎర్రటి బుడిపె కనిపిస్తే, అదేరోజు డాక్టరుకు చూపించండి. నాలాగా నాలుగో రోజు దాకా ఆగవద్దు. నీళ్ళలా పలచటి ద్రవం కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

కంటికి తగిలితే నలపకండి, నొక్కకండి. ఒకటి రెండుగా కనిపిస్తున్నా, చూపు మందగించినా, నల్లగుడ్డులో రక్తం కనిపించినా, చెంప మొద్దుబారినా కనుగూడు ఎముక విరిగిందో, కన్నే దెబ్బతిందో అని అనుమానించాలి. ముక్కు చీదనివ్వకండి. పిల్లల్లో ఒక మోసం ఉంది. పైకి వాపు పెద్దగా ఉండదు, కన్ను తెల్లగానే ఉంటుంది. కాని పైకి చూడబోతే నొప్పి, వాంతులు. కంటి కండరం విరిగిన ఎముకలో ఇరుక్కుని ఉండవచ్చు. ఇది ఆగే కేసు కాదు.

శాశ్వత దంతం వేరుతో సహా ఊడితే పారెయ్యకండి. తెల్లటి భాగం పట్టుకోండి. వేరు ముట్టుకోవద్దు, రుద్దవద్దు. మట్టి అంటితే కొద్ది సెకన్లు కడిగి వెంటనే దాని గుంటలో పెట్టండి. కుదరకపోతే పాలలో వేసి, గంటలోపు దంతవైద్యుడి దగ్గరకు పరుగెత్తండి. పాలపళ్ళకు మాత్రం ఇది వర్తించదు.

తలకు తగిలి క్షణకాలం మైకం కమ్మినా, కళ్ళు బైర్లుకమ్మినా, స్కోరెంతో మరిచిపోయినా, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. "నేను బాగానే ఉన్నాను సార్" అన్న మాట నమ్మకండి. తరవాత కూడా డాక్టరు సరేనన్నాకే మైదానంలోకి పంపండి. తలనొప్పి పెరుగుతూ ఉన్నా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, మత్తుగా పడుకుంటున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంతసేపూ కుర్రవాడు మాట్లాడలేదు. చివరికి నోరు విప్పి, "మరి ఇద్దరు మీదపడితే బంతి ఎలా కాపాడుకోవాలి సార్?" అన్నాడు. తండ్రి అడిగినదానికన్నా ఇది మంచి ప్రశ్న.

"లే బాబూ, ఆ ఫైలు బంతి అనుకుని పట్టుకో" అన్నాను. మాస్టారు నాకు నేర్పిన పాఠమే వాడికి నేర్పాను. మోచేతులు బయటికి ఉండవచ్చు. కాని పాదం మీద ఒళ్ళంతా కలిసి తిరగాలి. వీపు వాళ్ళవైపు పెట్టి, తల ఎత్తి తోటివాణ్ణి వెతకాలి. వాడు నా గదిలోనే రెండుసార్లు తిరిగి చూపించాడు. రెండోసారి బాగా కుదిరింది. మా సిస్టరమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది.

తండ్రిగారు మాత్రం, "అయితే రాసివ్వరన్నమాట" అన్నారు.

"రాస్తానండీ. ఎదుటి కుర్రాడికి గాయమేమీ లేదు, అది నిజమే కనుక రాస్తాను. దాని కింద, 'సకాలంలో విజిల్ వేసినందువల్ల' అని కూడా రాస్తాను. పనికొస్తుందా?" అన్నాను.

ఆయన కాసేపు నాకేసి చూసి, లేచి, "వద్దులెండి" అని కొడుకు భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళారు. కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోవడం చిన్న బాధ కాదు. కాని అది వచ్చే సంక్రాంతికి తీరే బాధ. ముప్పై ఏళ్ళు దాటినా తీరనిది నా దగ్గర ఒకటుంది.

మీ పిల్లలు ఆడే చోట విజిల్ వేసేవాడు ఉన్నాడో లేడో ఒకసారి చూడండి. ఉంటే, తాకని దెబ్బకు విజిల్ వేశాడని ఆయన మీదికి పోకండి.